అంచు పక్కన కూర్చున్న మనిషి

హిందూపురం
18-1-1949

ప్రియమైన మీకు,

ఈ ఉదయం పోలీసు స్టేషనులో నా పేరు రాసే రిజిస్టరు మీద సగం కొరికిన జామకాయ ఉంది. రైటరు దాన్ని తీసి, పేజీ తిప్పి, నా చేత సంతకం చేయించుకుని, పుస్తకం మూసి మళ్ళీ దానిమీదే పెట్టాడు. వచ్చే మంగళవారం దాకా నాతో ఆయనకు పని లేదు.

ప్రతి మంగళవారం ఇలా వెళ్ళాలి. పర్మిట్ మీద అలా రాసి ఉంది. 'బర్మా దేశస్థురాలు, చూడవచ్చిన మనిషి, జూన్ ముప్పై వరకు.' నలభై రెండులో యుద్ధానికి జడిసి మీ వెంట ఓడ దిగినప్పుడు నన్ను ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. నాలుగేళ్ళు మన ఇంట్లో ఉన్నాను, అప్పుడూ అడగలేదు. అమ్మకు జబ్బని నలభై ఆరులో రంగూను వెళ్ళాను. అమ్మ పోయేలోపల బర్మా వేరే దేశమైంది. నాయనది ధర్మవరమే అయినా, అమ్మ బర్మా మనిషి, నేను పుట్టింది అక్కడ, గనుక నేనూ అక్కడిదాన్నేనట. మద్రాసు రేవులో గుమాస్తా ఈ సంగతి చాలా మర్యాదగా చెప్పాడు.

ఆరో తేదీన మన వాకిటికి వచ్చాను. మీకు తెలుసనే అనుకుంటున్నాను. అత్తమ్మ గడపలోనే ఆపింది. “సముద్రాలు దాటి యాడాడ తిరిగొచ్చినావో, ఏం తినొచ్చినావో. ఇంట్ల దేవుడుండాడు. కొన్ని దినాలు బయట యాడన్నా ఉండు. నేనే కబురు పంపిస్తా” అంది. చెంబుతో నీళ్ళు గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. మీరు లేస్తారనుకున్నాను. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. నీళ్ళు తాగి, చెంబు కడిగి బోర్లించి వచ్చేశాను.

ఇక్కడ క్రైస్తవ అమ్మగార్ల బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. రంగూనులో నేను చదివిన కాన్వెంటు పేరు చెబితే మదర్ వెంటనే తీసుకున్నారు. బడి వెనక ఒక గది ఇచ్చారు. కిటికీ ఉంది. రంగూను పక్కన ఇన్సీన్‌లో అన్న ఇంట్లో నాకిచ్చిన గదికి లేదు.

అడగవలసింది ఒక్కటే. ఈ దేశపు మనిషికి భార్యనైతే, ఇక్కడే ఉండే హక్కు నాకు తిరిగి ఇస్తారట. దానికి భర్త పెనుకొండ కచేరీకి వచ్చి, అధికారి ముందు ప్రమాణం చేసి, 'ఈమె నా భార్య, నా ఇంట్లో ఉంటుంది' అని చెప్పి సంతకం పెట్టాలి. అంతకన్నా అక్కరలేదు. పెట్టకపోతే జూన్ ముప్పై లోపల నేను ఓడ ఎక్కాలి.

మీకు వీలైన రోజు రాయండి. నాకు ఏ రోజైనా వీలే, మంగళవారం తప్ప.

మీ
నీలావతి

---

ధర్మవరం
2-2-1949

ప్రియమైన నీలాకు,

ఈడ అందరం బాగుండాము. నీ ఉత్తరం చేరింది.

ఆ దినం మగ్గం ఆపింది నేనే. లేచి వచ్చేవాణ్ణే. అయితే ముందు దినమే అమ్మ చెప్పింది, నువ్వు వాకిట్లోకి వస్తే తాను బావిలో దూకుతానని. మన బావిలో నీళ్ళు మోకాటి మట్టం ఉండాయి, దూకినా నడుమే ఇరిగేది. అయినా కన్నతల్లి. తమాషాకి అన్నా ఎట్ల ఊరుకునేది? కొన్నాళ్ళు పోతే కోపం తగ్గుతాది. నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

నువ్వు పోయినప్పట్నుంచి అంచు సరిగా రావడంలే. నేను పోగుండే నడిమి నాడె అటూ ఇటూ ఇసురుతాండగా నువ్వు పక్కన కూర్చుని అంచు నాడె వేస్తే, మాట లేకుండానే చెయ్యి చెయ్యి కలిసేది. ఇప్పుడు ఎదురింటి పోతులయ్య పెండ్లాం లక్ష్మక్కను కూలికి కూర్చోబెట్టుకుంటి. ఆమె నిద్రలో నాడె వేస్తాది. పోయిన నెల ముహూర్తం చీర ఒకటి షావుకారు మొగం మీదనే ఇసిరికొట్టె. ఇది అంచా, ఎలుక కొరికిందా అనె.

కచేరీకి వచ్చి ఒక్క మాట చెప్పేదానికి ఏముంది. వస్తా, చెప్తా. పెనుకొండలో శ్రీరాములు అని వకీలుండాడు, మనకు తెలిసినాయన. అర్జీ గట్టిగా రాయాలంటే ఆధారం కావాలంట. రంగూను గుడిలో మన పెండ్లి జరిగినట్ల అయ్యవారు రాసిచ్చిన కాగితం, మనిద్దరం తీయించుకున్న ఫోటో నీ దగ్గరుండాయి కదా. రెండూ రిజిస్టరు పోస్టులో పంపు.

రైల్లో వచ్చే గంగన్న చేత చెనిక్కాయలు పంపిస్తాండా. వేయించినవి. నువ్వు ఇష్టంగా తినేదానివి.

నీ
ఈశ్వరప్ప

---

హిందూపురం
15-2-1949

ప్రియమైన మీకు,

కాగితం, ఫోటో ఈ రోజే రిజిస్టరు చేశాను. రసీదు దాచుకున్నాను. మదర్ ముందు నకళ్ళు తీయించుకుని, ఆ తరువాత పంపమన్నారు. ఎవరికి పంపుతున్నానో ఆమెకు మళ్ళీ ఒకసారి చెప్పాను. నకళ్ళు తీయించలేదు.

పంపేముందు ఫోటో చాలాసేపు చూశాను. నేను కుర్చీలో, మీరు వెనక నిలబడి. మీరు నా భుజం మీద చెయ్యి వేయబోయి, నాయన చూస్తున్నాడని కుర్చీ మీద వేశారు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

స్టేషను రైటరుకు ఇప్పుడు నాతో కొంచెం చనువు వచ్చింది. ఈ వారం అడిగాడు: “ఏమమ్మా, మీ ఆయనది ధర్మవరం అంటివి. ఆడికీ ఈడికీ రైలుండాది కదా. మనిషే కనపడడే?” మగ్గం మీద చీర ఉంది, అది దిగేదాకా రారు అన్నాను. “అట్లయితే ఆ చీరన్నా రావాల కదా, నెలాయె” అన్నాడు. పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. నాకు వెంటనే బదులు చెప్పడం రాదని మీకు తెలుసు. గదికి వచ్చాక మూడు బదుళ్ళు తోచాయి.

చెనిక్కాయలు అందాయి. రోజుకు పది చొప్పున తింటున్నాను.

మీ
నీలావతి

---

ధర్మవరం
6-3-1949

ప్రియమైన నీలాకు,

నువ్వు పంపిన కవరు చేరింది. వకీలు శ్రీరాములు చూసి, ఇంతకంటే ఏం కావాల, అధికారి నోరెత్తడు అనె. ఏప్రిల్ నాలుగు, సోమవారం, పెనుకొండ. పొద్దున పది గంటలకు నువ్వు కచేరీ వసారాలో ఉండు. నేను రైలు దిగి నేరుగా వస్తా.

ఇంకొక సంగతి. నీకు దాచిపెట్టి చేసేవాణ్ణి కాదు, గనుక రాస్తాండా. మనకు పెండ్లయి తొమ్మిదేండ్లాయె. నువ్వుండింది నాలుగేండ్లు, లేనిది మూడేండ్లు, ముందు రంగూనులో రెండేండ్లు. లెక్క ఎట్ల చూసినా ఇంట్ల బిడ్డ లేదు. అమ్మ పొద్దస్తమానం అదే పాట. చెన్నేకొత్తపల్లి వెంకటప్ప కూతురుండాది, రామాంజినమ్మ అని, పదిహేడేండ్లు. మొన్న పోయి తాంబూలాలు పుచ్చుకునొచ్చినారు. నేను ఒకటే షరతు పెడితి. ముందు నీలా పని కావాల, నీలా ఇంట్ల అడుగు పెట్టినాకనే ఈ పెండ్లి. అమ్మ ఒప్పుకునింది. అదొకటి మేలే కదా, ఇంక నిన్ను గడపలో ఆపదు.

మా పెదనాయనకు ఇద్దరు పెండ్లాలు. ఒకామె కండెలకు పోగు చుడితే ఒకామె నాడె వేసేది. ఏ దినమూ కొట్లాడింది నేను చూడలే. మగ్గానికి ఇద్దరు కావాల, ఇంటికి ముగ్గురైతే ఏమి? పెద్దామెవు నువ్వే. ఆ పిల్లకు నువ్వే పని నేర్పిస్తువు.

నీకు కష్టంగా ఉంటాదని తెలుసు. నువ్వు అరిచేదానివి కాదు. అందుకే నీకు చెప్పేది సులువు.

నీ
ఈశ్వరప్ప

---

హిందూపురం
26-3-1949

ప్రియమైన మీకు,

మీ ఉత్తరానికి ఇరవై రోజులు బదులు రాయలేదు. చాలాసార్లు కాగితం తీశాను. ఏమి రాసినా ఏడుపులా ఉంది, లేకపోతే చట్టం చదివినట్టు ఉంది. నాకు రెండూ ఇష్టం లేదు.

నిన్న బడికి వచ్చిన పత్రికలో ఒక వార్త చూశాను. మద్రాసు శాసనసభ చేసిన చట్టం అమలులోకి వచ్చిందట. ఇకమీద హిందువులలో మగవాడు భార్య బతికుండగా మరో పెళ్ళి చేసుకోకూడదు. చేసుకుంటే ఆ రెండో పెళ్ళి పెళ్ళి కాదు. చేసుకున్నవాడికి జైలు కూడా ఉంది. ముందు చేసుకున్నవాళ్ళకు ఏమీ లేదు. ఇకమీద చేసుకోబోయేవాళ్ళకే.

 తరువాత మూడో తరగతికి వెళ్ళి కూడికలు చెప్పాను. అన్నీ తప్పు చెప్పాను. పిల్లలు దిద్దారు.

మీకు తల్లిని కాదనడం కష్టమని నాకు తెలుసు. ఇప్పుడు మీరు కాదనక్కరలేదు. సర్కారే కాదంది. వెంకటప్పగారికి కూడా ఆ మాటే చెప్పవచ్చు, ఆయనకు పరువు తక్కువ కాదు. అత్తమ్మ నన్ను తిట్టినా పడతాను. ఆ పత్రిక ముక్క కత్తిరించి దీనితో పెట్టాను. అత్తమ్మకు చదివి వినిపించండి. అర్థం కాని మాటల కింద నేనే తేలిక మాటలు రాశాను.

బిడ్డ సంగతి నాకూ బాధే. దాని గురించి ఎదురుగా మాట్లాడుకుందాం.

ఏప్రిల్ నాలుగున పది గంటలకు వసారాలో ఉంటాను. ఆకుపచ్చ చీర కట్టుకుంటాను. అది మీరు నేసిందే.

మీ
నీలావతి

---

హిందూపురం
5-4-1949

ప్రియమైన మీకు,

నిన్న తొమ్మిదింటికే పెనుకొండ చేరాను. కచేరీ వసారాలో రెండు బెంచీలున్నాయి. ఒకటి వకీళ్ళది, ఒకటి మాది. మా బెంచీ మీద రొద్దం నుంచి వచ్చిన ఒక ముసలాయన గొర్రెల తగాదా చెప్పాడు. సాయంత్రం నాలుగు వరకు చెప్పాడు.

మీరు రాలేదు. రెండింటికి వకీలు శ్రీరాములుగారు వచ్చి, “మీ ఆయనకు ఒంట్లో బాగలేదంటమ్మా. వాయిదా అడిగినాను. జూన్ ఆరు ఇచ్చినారు” అన్నారు. జ్వరమా అని అడిగితే, అట్లాంటిదే అన్నారు. ఆయన చేతిలో కాగితాల కట్ట ఉంది. అన్నిటికంటే పైన నేను పంపిన పత్రిక ముక్క ఉంది. దానిమీద ఎర్ర సిరా గీతలున్నాయి. అవి నేను గీసినవి కావు.

జ్వరం తగ్గితే ఒక్క ముక్క రాయండి.

మీ
నీలావతి

---

ధర్మవరం
20-5-1949

నీలావతికి,

నాకు జ్వరం లేదు. అబద్ధం ఎందుకు.

నువ్వు పంపిన పత్రిక ముక్కను వకీలుకు నేనే చూపిస్తి. ఆయప్ప రెండు తూర్లు చదివి, “ఈశ్వరప్పా, కచేరీలో ఆమె నా పెండ్లాం అని ఒక్క మాట అని సంతకం పెడితివా, చెన్నేకొత్తపల్లి పెండ్లి భోజనం నువ్వు జైల్లో తింటావు” అనె. అప్పుడు అర్థమాయె. ఇద్దరూ ఉండేకి ఇప్పుడు లేదు. ఎవరో ఒకరే.

తాంబూలాలు పుచ్చుకున్నాము. వాళ్ళు పందిరికి వాసాలు కొట్టించినారు. ఇప్పుడు కాదంటే ఆ పిల్లను ఎవరు చేసుకుంటారు? ఆమెకు పదిహేడేండ్లు. నీకు లోకం తెలుసు, సదువుంది, ఇంగ్లీషుంది. ఇన్సీన్‌లో మీ అన్నుండాడు, సొంత ఇల్లుండాది. నువ్వు యాడైనా బతుకుతావు. ఆ పిల్ల బతకలేదు. నువ్వే ఆలోచన చెయ్యి, నీకంటే న్యాయం తెలిసినవాళ్ళు మా ఇంట్ల లేరు.

ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. నువ్వు ఆ పత్రిక పంపకుండా ఉంటే నాకు ఆ చట్టం సంగతి తెలిసేదే కాదు. ఏప్రిల్ నాలుగున వచ్చి సంతకం పెట్టేసుందును. ఈపాటికి నువ్వు మన ఇంట్లనే ఉందువు.

జూన్ ఆరున నేను వస్తా. నువ్వు మా మామ కూతురివని చెప్తా, అది నిజమే కదా, మీ నాయన నాకు మామ వరస. అంతకంటే ఎక్కువ అడిగితే నువ్వు గమ్మున ఉండు. అధికారి నిన్ను గౌరవంగా పంపిస్తాడు. ఫోటో, కాగితం అడగొద్దు. అమ్మ పొయ్యిలో పెట్టింది.

ఈశ్వరప్ప

---

హిందూపురం
7-6-1949

ప్రియమైన మీకు,

ఇలా మొదలుపెట్టడం అలవాటు. ఈసారికి ఉండనివ్వండి.

నిన్న మీ పని కాగానే మీరు వెళ్ళిపోయారు. ఆ తరువాత జరిగింది మీకు తెలియదు. ముందు జరిగింది కూడా రాస్తాను. మీరు ఎక్కువసేపు నేల చూస్తున్నారు గనుక కొంత చూసి ఉండరు.

మొదట గుమాస్తా నన్ను భర్త పేరు అడిగాడు. తొమ్మిదేళ్ళలో నేను ఆ పేరు నోటితో పలకలేదు. కాన్వెంటులో చదివినదాన్నే, ఏ పేరైనా పలకగలను. కాని పెళ్ళినాడు నాయన చెప్పాడు, మనవాళ్ళలో ఆడవాళ్ళు పలకరని. అందుకని మిమ్మల్ని చేత్తో చూపించాను. చూపిస్తే కాదు, పలకాలి, నేను రాసుకోవాలి అన్నాడు. పలికాను. మీ సాక్షిగా వచ్చిన పోతులయ్య బెంచీ మీద నుంచి అందుకున్నాడు. “చూస్తిరా సామీ. కట్టుకున్న పెండ్లామైతే మొగుని పేరు అట్ల గడగడా పలుకుతాదా?” అధికారి అతన్ని ఊరుకోమన్నారు. కాని గుమాస్తా రాస్తున్న కలం ఆపి నా వైపు ఒకసారి చూశాడు.

తరువాత మీ మాట. మీరు గట్టిగా, తడబడకుండా చెప్పారు. నేను మిమ్మల్ని భయస్థులనుకునేదాన్ని. “మా మామ కూతురు సామీ. యుద్ధం కాలంలో దిక్కులేక వస్తే మా అమ్మ అన్నం పెట్టింది. మగ్గం కాడ అంచు పక్క కూర్చుండేది. కూలికి.”

అధికారి అడిగారు, కూలికా అని. మీరు అన్నారు, కూలికే.

నాలుగేళ్ళు, రోజుకు పది గంటలు నేను మీ కుడి పక్కన కూర్చున్నాను. మీ మోచెయ్యి తగిలి నా ఎడమ మోచేతి మీద చర్మం గట్టిపడింది. ఆ సంగతి చెప్పాలనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో పోతులయ్య లేచాడు. “నిజమే సామీ. ఇప్పుడు ఆ జాగాలో మా లక్ష్మి కూర్చుంటాది, కూలికే. అట్లని ఆమె ఈయప్ప పెండ్లామైతాదా? నేను యాడికి పోవాల?” అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. మీరు నవ్వలేదు. అది గమనించాను. నలభై నాలుగు వానాకాలంలో లక్ష్మక్కకు కాన్పు కష్టమైతే రెండు రాత్రులు దగ్గర కూర్చున్నది నేనేనని పోతులయ్యకు గుర్తు లేకపోవచ్చు.

రిజిస్టరు పోస్టు రసీదు చూపించాను. మీ వకీలు, ఆ కవరులో వచ్చింది ఇదేనని పత్రిక ముక్క బల్ల మీద పెట్టారు. రసీదు ఫిబ్రవరిది, పత్రిక మార్చిది; ఆ తేడా నాకు గదికి వచ్చాకే తోచింది. చట్టం చూపించి ఒక అమాయకుణ్ణి బెదిరించడానికి పంపిందని చెప్పారు. మాటల కింద తేలిక మాటలు నేను రాసినవే గనుక, ఆ చేతిరాత నాది కాదనలేకపోయాను.

మీ ఉత్తరాలు మూడూ ముందు పెట్టాను. 'ప్రియమైన నీలాకు' అన్న చోట వేలు పెట్టి చూపించాను. వకీలు వాటిని చేత్తో కూడా తాకలేదు. “మా మనిషికి అక్షరం ముక్క రాదు సార్. ఇవి ఎవరు రాసినారో ఆమెనే అడగండి” అన్నారు. అప్పుడు గుమాస్తా సిరా దిండు మీ ముందుకు జరిపాడు. మీరు ఎడమ బొటనవేలు అద్ది వాంగ్మూలం కింద వేశారు. సిరా ఎక్కువైంది. పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయారు.

రంగూనులో నాయన కొట్టులో గుమాస్తాగా చేరినప్పుడు మీరు చిట్టా రాసేవారు. మీ రాత చూసే నాయన మిమ్మల్ని మెచ్చుకున్నాడు.

మీరు వెళ్ళాక అధికారి నన్ను కూర్చోమన్నారు. నీళ్ళు తెప్పించారు. “అమ్మా, నీ మాట నేను నమ్ముతున్నాను. కాని నమ్మానని రాయడానికి కాగితంలో చోటు లేదు” అన్నారు. అక్కడ నీకెవరన్నా ఉన్నారా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపల మీ వకీలు, ఇన్సీన్‌లో సొంత అన్న, సొంత ఇల్లు ఉన్నాయని చెప్పారు. అధికారి ముఖంలో బరువు తగ్గింది. “అదొక మేలు” అని, దాన్ని మాత్రం రాసుకున్నారు.

భార్య అని రుజువు కాలేదు. హక్కు ఇవ్వడానికి వీలు లేదు. పర్మిట్ పొడిగించడానికి కారణం లేదు. మూడు వాక్యాలు. నకలు నాకు ఇచ్చారు.

మీ
నీలావతి

---

ధర్మవరం
11-6-1949

శ్రీమతి నీలావతి గారికి,

ధర్మవరం నుంచి ఈశ్వరప్ప చెప్పగా పోతులయ్య రాసేది.

మీ ట్రంకు పెట్టె గంగన్న చేత రైల్లో పంపిస్తాండాము. అందులో మీ రెండు చీరలు, ఇంగ్లీషు పుస్తకాలు, దువ్వెన ఉండాయి. ఇంక మీవి ఏమీ ఈడ లేవు.

ఇకమీద ఈ ఇంటికి ఉత్తరాలు రాయొద్దు. రాసినా చదివేవాళ్ళు లేరు, ఈశ్వరప్పకు చదువు రాదు కాబట్టి వేరేవాళ్ళ చేత చదివించుకోవాల, ఊరంతా తెలుస్తాది. ఆషాఢం వచ్చేలోపల, పదిహేనో తేదీ బుధవారం, పెండ్లి. ఆ పిల్లకు మీ సంగతి ఏమీ తెలియదు. తెలియకుండా ఉంటేనే మేలు.

ఈశ్వరప్ప అమ్మ తిప్పమ్మ మీకు ఆశీర్వాదం చెప్పమనింది. ఓడ ప్రయాణం జాగ్రత్త. మీ అన్న ఇంట్ల సుఖంగా ఉండండి. మీ అన్నకు ఈశ్వరప్ప నమస్కారం చెప్పమంటాండాడు. మంచోడు అని ఎప్పుడూ అంటాంటాడు.

ఈశ్వరప్ప వేలిముద్ర

---

హిందూపురం
24-6-1949

ఈశ్వరప్ప గారికి,

మీ పేరు కచేరీలో ఒకసారి పలికాను గనుక రాయడానికి ఇక అడ్డం లేదు.

రాయవద్దన్నారు. ఇది ఆఖరుది. మీరు ఒక్కరే ఉన్నప్పుడు మీరే చదువుకోండి.

ట్రంకు అందింది. చీరలు సరిగానే ఉన్నాయి. ఆకుపచ్చ చీర కూడా వాటితో చేర్చి, మడత పెట్టి బడిలో ఊడ్చే ఆమెకు ఇచ్చాను. ఆమె కొంగు తిప్పి చూసి, “ఎంత బాగా నేసినారమ్మా, అంచు యాడా తప్పలే” అంది.

మదర్ రెండు అర్జీలు పెట్టారు. రెంటికీ కాదనే బదులు వచ్చింది. మొన్న మంగళవారం స్టేషనులో రిజిస్టరులో ఆఖరు సంతకం చేశాను. రైటరు పేజీ మూయకుండా కాసేపు ఉంచాడు. “చీర దిగనే లేదు కదమ్మా” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఈసారి బదులు తోచింది. దిగింది, వేరేవాళ్ళు కట్టుకున్నారు అన్నాను. అతను నవ్వలేదు.

ఇరవై తొమ్మిదిన మద్రాసు నుంచి ఓడ. ఇరవై ఆరు సాయంత్రం బయలుదేరుతాను. ధర్మవరంలో బండి మారాలి. రెండు గంటలు స్టేషనులో ఉండాలి. వస్తారని కాదు. ఏదైనా పని మీద ఆ వేళకు మీరు అటు వస్తారేమో, రాకుండా ఉంటారని రాస్తున్నాను.

రామాంజినమ్మకు నా సంగతి చెప్పవద్దన్న మాట సరైనదే. నేనూ ఎవరికీ చెప్పను. అంచు నాడె వేసేటప్పుడు కుడి చేతితో కాక ఎడమ చేతితో అందుకోమని చెప్పండి. మొదటి నెల వేళ్ళు వాస్తాయి. కొబ్బరి నూనె రాస్తే తగ్గుతుంది.

మీ నమస్కారం అన్నకు చెప్పలేను. ఇన్సీన్‌లో జనవరి ఆఖరున తిరుగుబాటుదార్లకూ సర్కారుకూ యుద్ధం మొదలైంది. ఫిబ్రవరి తొమ్మిదిన ఇంటి మీద ఫిరంగి గుండు పడింది. అన్న, వదిన, ముగ్గురు పిల్లలు లోపలే ఉన్నారు. ఆ కబురు నాకు మార్చి ఇరవై నాలుగున అందింది.

నీలావతి